తగ్గింది కొవ్వా, కండా?

అరవై దాటాక బరువు తగ్గించుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. పేర్లు వేయడం లేదు. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది చాలామందికి ఉన్నదే. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: నా వయసు 64. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. పదేళ్లలో మూడుసార్లు ఆరేడు కిలోల చొప్పున తగ్గాను. ప్రతిసారీ రాత్రి భోజనం మానేసి, పగలంతా సూపులు, పండ్ల మీదే ఉన్నాను. ఏడాది తిరిగేసరికి తగ్గినదంతా మళ్లీ వచ్చేసింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఎప్పటికీ పాటించగలిగే తిండి పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది కుర్చీ సంగతి. వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే తగ్గించి బరువు దించుకుంటే, పోయిన ప్రతి నాలుగు కిలోల్లో ఇంచుమించు ఒక కిలో కొవ్వు కాదు. అందులో కండ వాటా పెద్దది. ఆ బరువు తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. ఈ వయసులో పోయిన కండ దానంతటది రాదు. కాబట్టి పదేళ్ల కిందటి 76 కిలోలు, ఇవాళ్టి 76 కిలోలు ఒకటి కాకపోవచ్చు. కాటా మీద అంకె అదే, లోపల కండ తగ్గి కొవ్వు పెరిగి ఉంటుంది. సూపుల్లోనూ పండ్లలోనూ ప్రొటీన్ నామమాత్రం. పైగా రాత్రి భోజనం కూడా మానేశారు కాబట్టి, కండను నిలబెట్టే సరుకు రోజు మొత్తంలో శరీరానికి అందనే లేదు.

ఈసారి లక్ష్యం చిన్నదిగా పెట్టుకోండి. ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు చాలు. మీ ఎత్తు, బరువు, వయసు లెక్కన బరువు నిలకడగా ఉండటానికి రోజుకు దాదాపు 1750 క్యాలరీలు కావాలి. అందులో 300 నుంచి 400 తగ్గిస్తే సరిపోతుంది, అంటే రోజుకు 1350 నుంచి 1450 మధ్య. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా 1200 కంటే కిందికి వెళ్లొద్దు. అంత తక్కువ తిండిలో ప్రొటీన్, కాల్షియం, బి12 సరిపడా ఇమడటం కష్టం. మూడో వారంలో నీరసం వస్తుంది, ఆరో వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. మీకు మూడుసార్లూ జరిగింది ఇదే అయ్యుంటుంది. తప్పు మీ పట్టుదలది కాదమ్మా, పద్ధతిది.

ముందు ప్రొటీన్ లెక్క చూద్దాం. పెద్ద వయసువాళ్లకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ మంచిదన్నది నేటి నిపుణుల సలహా. మీ విషయంలో కనీసం 75 గ్రాములు అనుకోండి. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క వర్తించదు. మొదలుపెట్టే ముందు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌ను అడగండి. ఈ మొత్తాన్ని ఒకే పూట తినకుండా మూడు పూటలకూ పంచాలి. వయసు మీరిన కండకు కొద్దిపాటి ప్రొటీన్ అందితే చలనం ఉండదు. ఒక్కో పూట 25 గ్రాముల దాకా అందితేనే కొత్త కండ కట్టే పని చురుగ్గా సాగుతుంది. సాధారణంగా ఎక్కువమంది ఉదయం ఆరేడు గ్రాములతో సరిపెట్టి, ప్రొటీనంతా మధ్యాహ్నమో రాత్రో తింటారు. అందుకే మొదట దిద్దుకోవాల్సింది ఉదయం పూట.

ఒక రోజు తిండి ఇలా ఉండొచ్చు. ఉదయం రెండు గుడ్లు, 200 మిల్లీలీటర్ల వెన్న తీసిన పాలు, ఒక బ్రెడ్ ముక్క, ఒక చిన్న పండు. ప్రొటీన్ 22 గ్రాములు. మధ్యాహ్నం పచ్చిపప్పు 60 గ్రాములు కొలిచి వండిన చిక్కటి పప్పు, 150 గ్రాముల పెరుగు, 120 గ్రాముల అన్నం, కంచంలో సగం కూరగాయలు, మొత్తం వంటకు రెండు టీస్పూన్ల నూనె. ప్రొటీన్ 25 గ్రాముల దాకా వస్తుంది. రాత్రి 100 గ్రాముల చేప, ఒక్కోటి 25 గ్రాముల పిండితో చేసిన రొట్టెలు రెండు, కూరగాయలు, ఒక టీస్పూన్ నూనె. ప్రొటీన్ మరో 28 గ్రాములు. పాలు కలిపిన టీ ఒక కప్పుతో సహా రోజు మొత్తం 1400 క్యాలరీలకు అటూ ఇటుగా ఉంటుంది. శాకాహారులైతే చేప బదులు పొడి మీల్‌మేకర్ 40 గ్రాములు తీసుకోవచ్చు, అందులో 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్ల బదులు ఒక కప్పు ఉడికించిన సెనగలు తింటే 14 గ్రాములు.

ఇందులో జనం తడబడే చోట్లు రెండు. మొదటిది పప్పు. పప్పును వండాక గిన్నెలతో కొలిస్తే లెక్క తప్పుతుంది. పల్చటి పప్పు పెద్ద గిన్నెడు తాగినా అందులో 20 గ్రాముల పచ్చిపప్పే ఉండొచ్చు, అంటే ప్రొటీన్ ఐదు గ్రాములైనా రాదు. అందుకని పప్పును పచ్చిగానే తూచండి. ఇంటిల్లిపాదికీ కలిపి వండుతుంటే మనిషికి 60 గ్రాముల చొప్పున వేయండి. రెండోది నూనె. ఒక టీస్పూన్ నూనెలో 40 క్యాలరీలకు పైగా ఉంటాయి. సీసాలోంచి నేరుగా మూకుడులోకి వంచితే మూడు స్పూన్లు అనుకున్నది ఆరవుతుంది, మీరు తగ్గించాలనుకున్న దాంట్లో మూడో వంతు అక్కడే పోతుంది. వంటింట్లో ఒక టీస్పూన్‌ను నూనె కోసమే విడిగా పెట్టుకోండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. మొదటి వారం ఏమీ మార్చకుండా, తిన్న ప్రతిదీ తిన్న వెంటనే ఒక నోట్‌బుక్‌లో రాయండి. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే తిన్నవి జారిపోతాయి. రెండు, మూడు వారాల్లో ఉదయం పూట ఒక్కటీ సరిచేయండి. నాలుగో వారం నుంచి నూనె కొలత, ఆ తర్వాత అన్నం కొలత. పప్పు, సెనగలు అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. నాలుగు రోజులకోసారి రెండు చెంచాల చొప్పున పెంచండి.

ఇక కుర్చీ. తిండి ఎంత జాగ్రత్తగా తిన్నా కండకు పని చెప్పకపోతే అది నిలవదు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో ఊబకాయం ఉన్న 160 మంది పెద్దవాళ్లు పాల్గొన్నారు. వాళ్లలో వ్యాయామం చేసిన మూడు జట్లలోనూ బరువు దాదాపు 9 శాతం తగ్గింది. నడక వంటి వ్యాయామాలే చేసినవాళ్లకు కొవ్వు కాని బరువు 5 శాతం పోయింది. బరువులతో కండ వ్యాయామం చేసినవాళ్లకు పోయింది 2 శాతమే. రెండూ కలిపి చేసినవాళ్లకు 3 శాతం పోయినా, ఒంటి సత్తువ అందరికంటే బాగా మెరుగుపడింది వాళ్లకే. కాబట్టి నడక మానకండి, దానికి ఇది కలపండి. గట్టి కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. చేతులు ఆనించకుండా లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. ఎనిమిదిసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఎనిమిది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. పన్నెండుసార్లు తేలికగా చేయగలిగిన నాడు దిండు తీసేయండి. మోకాలు చివుక్కుమంటే సీటు ఇంకా తక్కువ ఎత్తులో ఉందని అర్థం, దిండు మీద ఇంకో దిండు వేసుకోండి.

ప్రశ్న: వయసు 71. షుగర్‌కు, బీపీకి మాత్రలు వాడుతున్నాను. 16 గంటలు ఏమీ తినకుండా ఉండి, 8 గంటల్లోపే తినడం మంచిదని స్నేహితులు అంటున్నారు. మొదలుపెట్టనా?

జవాబు: మాత్రల సంగతి తేలే వరకు వద్దండి. గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతాయి. పూట దాటితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తికమక మొదలవుతాయి. ఈ వయసులో కింద పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు ఎక్కువసేపు పస్తున్నా, పిండిపదార్థాలు బాగా తగ్గించినా, షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. మీ చీటీలో ఏ మందులున్నాయో డాక్టర్‌కు చూపించి, తిండి తగ్గించబోతున్నానని ముందే చెప్పండి. మోతాదు ముందుగా తగ్గించాల్సి రావచ్చు. బీపీ మాత్రలు కూడా అంతే. నాలుగైదు కిలోలు తగ్గాక పాత మోతాదే వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎప్పుడైనా షుగర్ పడిపోయినట్టనిపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోండి.

మందుల గొడవ లేనివాళ్లకైనా ఈ పద్ధతిలో ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో 139 మందిని ఏడాదిపాటు గమనించారు. క్యాలరీలు ఒకేలా తగ్గించినప్పుడు, 8 గంటల్లో తిన్నవాళ్లకూ రోజంతా తిన్నవాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా రెండు పూటల్లో 75 గ్రాముల ప్రొటీన్ తినడం పెద్దవాళ్ల జీర్ణశక్తికి భారం. రాత్రి ఏడున్నరకు భోజనం ముగించి, ఉదయం ఏడున్నరకు మళ్లీ తింటే పన్నెండు గంటల విరామం దానంతటదే వస్తుంది. రాత్రిపూట చిరుతిళ్లు ఆగిపోతాయి, మీకు దక్కాల్సిన లాభంలో ఎక్కువ భాగం అదే.

ప్రశ్న: వయసు పెరిగేకొద్దీ శరీరం క్యాలరీలు ఖర్చుచేయడం మానేస్తుందట. అలాంటప్పుడు 67 ఏళ్లకు ఏం చేసినా లాభం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు నిలకడగానే ఉంటుంది. ఆ తర్వాత ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. మీ దాకా వస్తే ఇది అయిదు శాతం, అంటే రోజుకు ఎనభై, తొంభై క్యాలరీలు. రెండు టీస్పూన్ల నూనెతో సమానం. దీనికంటే ఎక్కువ నష్టం చేసేవి రోజూ నడిచే అడుగులు తగ్గిపోవడం, కండ కరగడం. ఆ రెండూ మన చేతిలో ఉన్నవే.

ప్రశ్న: 73 ఏళ్లు. బీఎంఐ 26 ఉంది. తగ్గి తీరాలని ఇంట్లో అందరూ ఒకటే పోరు.

జవాబు: బీఎంఐ అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె. అదొక్కటే కారణమైతే తగ్గొద్దు. ఈ వయసులో కొంచెం అధిక బరువు ఉన్నంత మాత్రాన ఆయుష్షుకు ముప్పని చెప్పలేం. బాగా సన్నగా ఉండటమే ఎక్కువ ప్రమాదం. వెన్నుపూసలు కుంగి ఎత్తు రెండు, మూడు సెంటీమీటర్లు తగ్గి ఉంటే బీఎంఐ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టేపు తీసుకుని, ఊపిరి మామూలుగా వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య నడుం చుట్టూ కొలవండి. అది మీ ఎత్తులో సగానికి లోపే ఉంటే మంచిది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 15 సెకన్లు దాటితే కండ బలం తగ్గిందని అర్థం. అప్పుడు చేయాల్సింది ప్రొటీన్, వ్యాయామం పెంచడం. ఒక మాట గట్టిగా చెప్తున్నాం. మీరు ఏ ప్రయత్నమూ చేయకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో 5 శాతం తగ్గితే, సన్నబడ్డానని సంతోషించకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. డాక్టర్ సలహాతో వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటోంది. బరువు తగ్గుతోంది గానీ రెండు ముద్దలకే చాలంటోంది. నీరసంగా ఉంటోంది. ఏం పెట్టాలి?

జవాబు: ఈ మందు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఆకలినీ తగ్గిస్తుంది. రెండు ముద్దలే తినగలిగితే ఆ రెండు ముద్దలు ఏవన్నదే ముఖ్యం. కంచంలో ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు పెట్టండి. అన్నం, రొట్టె చివర. మూడు పెద్ద పూటల బదులు ఐదు చిన్న పూటలు చేయండి. వడగట్టిన చిక్కటి పెరుగు 100 గ్రాముల్లో 9, 10 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, గొంతు దిగడం తేలిక. నూనె ఎక్కువైన వేపుళ్లు వికారాన్ని పెంచుతాయి. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు, ఈ మందుతో ఇంకా తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ తాగకూడదని వేరే జబ్బుకు డాక్టర్ చెప్పి ఉండకపోతే, ఒకటిన్నర లీటరు సీసా ఉదయమే నింపి ఎదురుగా పెట్టండి. మలబద్ధకాన్ని కూడా అది కొంత ఆపుతుంది. వాంతులు ఆగకపోయినా, నెలకు నాలుగు కిలోలకు మించి తగ్గుతున్నా మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. మందు ఉన్నట్టుండి మానేస్తే బరువు తిరిగొస్తుంది. ఒక పరిశోధనలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అందుకే ఇంజెక్షన్ నడుస్తున్నప్పుడే పైన చెప్పిన కుర్చీ వ్యాయామాన్ని అలవాటు చేయించండి.

ప్రశ్న: పగలంతా బాగానే ఉంటాను. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా చేతికందిందల్లా తినేస్తాను. నోరు కట్టుకోవడం నా వల్ల కావడం లేదు. (66 ఏళ్లు)

జవాబు: సాయంత్రం నోరు అదుపు తప్పడానికి మూలం చాలావరకు ఉదయం, మధ్యాహ్నం పూటల్లోనే ఉంటుంది. పగలు తక్కువ తిన్నందుకు శరీరం సాయంత్రం వసూలు చేసుకుంటోంది. రెండు వారాలపాటు పగటి పూటల్లో ప్రొటీన్ 25 గ్రాములకు పెంచి, తేడా చూడండి. దాంతోపాటు నాలుగున్నరకు, ఆకలి ముదరకముందే, 30 గ్రాముల వేయించిన సెనగలు, ఒక గ్లాసు మజ్జిగ తీసుకోండి. ప్లేటులో వేసుకుని, కూర్చుని తినండి. ప్యాకెట్లోంచి నేరుగా తింటే ఎక్కడ ఆపాలో తెలియదు. ప్యాకెట్ తిండి సంగతి వేరుగా చెప్పాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందిని రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి మీద, రెండు వారాలు మామూలు వంట మీద ఉంచి, కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. అలాంటి ప్యాకెట్ ఇంట్లో ఉంటే మనసుతో రోజూ పోరాటమే. కొనకపోతే ఆ పోరాటం ఉండదు.

ప్రశ్న: పళ్లు చాలావరకు పోయాయి. మెత్తటి అన్నం, బిస్కెట్లే తినగలుగుతున్నాను, బరువు పెరుగుతోంది.

జవాబు: మెత్తగా ఉండి ప్రొటీన్ ఉన్నవి చాలా ఉన్నాయి. మెదిపిన గుడ్డు, ముళ్లు తీసి ఉడికించిన చేప, మెత్తగా చిదిమిన పప్పు, పెరుగు, పాలు. కూరగాయలు బాగా ఉడికించి మెదపండి, నీళ్లు పారబోయకండి. పండ్లను రసం తీయకుండా మెదిపే తినండి, పీచు పోదు. పంటి డాక్టర్‌ను కలిసి కట్టుడుపళ్లు సరిచేయించుకోవడం కూడా బరువు తగ్గే చికిత్సలో భాగమే అనుకోండి.

ప్రశ్న: కాటా ఒక రోజు 72.1, మర్నాడు 73.4 చూపిస్తుంది. గుండె జారిపోతుంది. అసలు చూసుకోవాలా, మానేయాలా?

జవాబు: చూసుకోండి. కానీ ఒక్క రోజు అంకెను నమ్మకండి. ఒక్క రాత్రిలో కిలో పైన కొవ్వు పెరగాలంటే ఏడు వేలకు పైగా క్యాలరీలు అదనంగా తినాలి. అంత తినలేదని మీకే తెలుసు. ఉప్పు ఎక్కువైన మర్నాడు నీరు నిలుస్తుంది. పిండిపదార్థాలు నిల్వయ్యేటప్పుడు ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతాయి. మొదటి వారంలో తగ్గే కిలోన్నర కూడా ఎక్కువగా ఈ నీరే. అది ఆగిపోగానే ‘ఇక పనిచేయడం లేదు’ అని వదిలేసేవాళ్లు ఎందరో. ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద వారానికి మూడుసార్లు తూచుకుని సగటు రాయండి. నాలుగు వారాల సగటు కదలకపోతే అప్పుడు నూనె, అన్నం కొలతలు మళ్లీ చూసుకోండి. తరచుగా కొలత చెంచా పక్కన పెట్టేసి ఉంటారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం వేరే నియమం. రెండు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి.

అనుకున్న బరువుకు చేరాక కూడా వారానికోసారి తూచుకోవడం మానకండి. చేరిన అంకెకు రెండు కిలోలు కలిపి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. వారం సగటు ఆ గీత దాటితే తిండి బాగా తగ్గించేయకుండా, రెండు వారాలు మళ్లీ తిన్నది రాయండి, నూనె కొలవండి, పప్పు పచ్చిగా తూచండి.